మెంటరింగ్ సర్వే ప్రశ్నల మరమ్మతు: ప్రాజెక్టు డైరీ

పని ఇది. ఆరు నెలల మెంటరింగ్ కార్యక్రమం ముగిశాక నింపే ప్రశ్నావళిని తిరగరాయాలి. మెంటీలు (సలహా అందుకునేవాళ్లు) విద్యార్థులు, మెంటర్లు (సలహా ఇచ్చేవాళ్లు) ఉద్యోగంలో ఉన్నవాళ్లు. పాత ఫారంలో 41 ప్రశ్నలున్నాయి, అన్నీ ఆఖరి రోజున ఒకేసారి అడిగేవి. పాత జవాబుల షీటు తెరిస్తే ఏ వరుస చూసినా ఐదుకు 4, 5, 5, 4. వారంవారం కలిసిన మెంటర్-మెంటీ జంటకూ అదే అంకె, మూడో నెల నుంచి ఒకరి మొహం ఒకరు చూడని జంటకూ అదే అంకె. మెంటీలు అబద్ధం చెప్పారని కాదు. తన సమయం వెచ్చించిన పెద్దమనిషి గురించి "బాగున్నారా?" అని అడిగితే ఎవరైనా బాగున్నారనే అంటారు. లోపం ప్రశ్నలో ఉంది.

1వ వారం: వడపోత

ముందు ప్రశ్నలన్నీ స్ప్రెడ్‌షీటులోకి ఎక్కించాం. ఒక్కో ప్రశ్నకు ఐదు గడులు: ప్రశ్న పాఠం, అది కొలిచేది ఏమిటి, ఎవరిని అడగాలి, ఈ సమాచారం ఇప్పటికే ఇంకెక్కడైనా ఉందా, జవాబు తక్కువగా వస్తే ఎవరు ఏం చేస్తారు. అన్నిటికంటే పనికొచ్చింది చివరి గడి. అది ఖాళీగా ఉన్న ప్రశ్నను, ఎంత అందంగా రాసి ఉన్నా, తీసేశాం. "ప్రారంభ సభ మీకు ఎలా అనిపించింది?" అలా పోయింది. ఆరు నెలల తర్వాత ఆ జవాబుతో ఎవరూ చేయగలిగేది లేదు, పైగా సభ ఎవరికీ సరిగ్గా గుర్తుండదు. వయసు, కోర్సు, ఊరు లాంటివి రిజిస్ట్రేషన్‌లోనే ఉన్నాయి. మెంటీ కోడ్ (ఒక్కొక్కరి గుర్తింపు సంఖ్య) ఒకటి అడిగితే అవి దానికదే జతపడతాయి. మొత్తం 17 ప్రశ్నలు తగ్గి 24 మిగిలాయి.

కిర్క్‌పాట్రిక్ 1959లో శిక్షణ మూల్యాంకనానికి నాలుగు మెట్లు చెప్పాడు: ఎలా అనిపించింది, ఏం నేర్చుకున్నారు, ప్రవర్తనలో ఏం మారింది, దాని ఫలితం ఏమిటి. పాత ఫారాన్ని ఈ మెట్ల మీద పరిస్తే సగానికి పైగా ప్రశ్నలు మొదటి మెట్టు మీదే కుప్పపడ్డాయి. మూడో మెట్టు మీద ఒక్కటీ లేదు.

అసలు లేని ప్రశ్న ఒకటి ఇక్కడే బయటపడింది: జంట ఎన్నాళ్లు నిలిచింది? పిల్లల మెంటరింగ్ మీద గ్రాస్‌మన్, రోడ్స్ 2002లో ప్రచురించిన పరిశోధనలో ఏడాది, అంతకు మించి నిలిచిన జంటల్లోనే ఎక్కువ మేలు కనిపించింది. మూడు నెలల లోపే తెగిన జంటల్లో కొన్ని కొలమానాలు కిందికి పోయాయి. డుబోయ్ బృందం 2011లో 73 మూల్యాంకనాలను కలిపి చూసినప్పుడు మెంటరింగ్ వల్ల మేలు ఉందనీ, సగటున అది ఓ మోస్తరేననీ తేలింది. ఓ మోస్తరు మార్పును పట్టాలంటే కొలబద్ద సన్నగా ఉండాలి. అందరికీ 5 చూపించే స్కేలు దాన్ని పట్టలేదు.

2వ వారం: ఒక్కో ప్రశ్న విప్పడం

ఎక్కువ సమయం ఇక్కడే పట్టింది, పట్టాలి కూడా.

ఒకే ప్రశ్నలో రెండు ప్రశ్నలు ఇమిడి ఉండటం సర్వేల్లో అందరూ చెప్పే తప్పే. తెలుగులో అది దాక్కునే చోటు మాత్రం వేరు. "మరియు", "లేదా" అని వెతికితే రెండే దొరికాయి. అసలువి క్రియల్లో ఉన్నాయి: "నా మెంటర్ సమయానికి వచ్చి, నా మాట విని, ఉపయోగపడే సలహా ఇచ్చారు." వచ్చి, విని, ఇచ్చారు: మూడు సంగతులు. ఆలస్యంగా వచ్చినా మంచి సలహా ఇచ్చిన మెంటర్‌కు ఏ గడిలో టిక్కు పెట్టాలి? కాబట్టి వెతకాల్సింది "మరియు" కోసం కాదు. ప్రతి వాక్యంలో క్రియలు లెక్కపెట్టాలి, రెండో క్రియ కనబడిన చోట ఆగాలి.

"వల్ల" మరో దొంగ. "మెంటర్ సలహాల వల్ల నా ఆత్మవిశ్వాసం పెరిగింది" అన్న దాంట్లో పెరిగిందా అన్నది ఒక ప్రశ్న, మెంటర్ వల్లనేనా అన్నది ఇంకొకటి. ఇంట్లో ధైర్యం చెప్పినందుకు పెరిగినవాడు ఎక్కడ టిక్కు పెట్టాలి? కారణం తేల్చాల్సింది విశ్లేషణలో, మెంటరింగ్ అందని గుంపుతో పోల్చి. ఆ బరువు మెంటీ నెత్తిన పెట్టకూడదు. ఫారంలో ఉన్న "వల్ల", "ద్వారా"లన్నీ కొట్టేశాం. జంటప్రశ్నలు ఐదింటిని, పనికిరాని ముక్కలు వదిలేసి, రెండేసిగా విడగొడితే 24 కాస్తా 29 అయింది. ఈ దశలో సంఖ్య పెరగడం మామూలే.

వ్యతిరేక ప్రశ్నల సంగతి. "మీ మెంటర్ మీటింగులు రద్దు చేయలేదు కదా?" అని అడిగితే "అవును" అంటే ఏమిటి? "అవును, చేయలేదు" అనేవాళ్లున్నారు, "అవును, చేశారు" అనేవాళ్లూ ఉన్నారు. జవాబు చూసి తేల్చుకునే దారి లేదు. చదవకుండా వరుసగా టిక్కులు పెట్టేవాళ్లను పట్టుకోడానికి మధ్యలో కొన్ని తిరగేసిన వాక్యాలు పెట్టడం పాత అలవాటు. పాత ఫారంలో అలాంటివి రెండున్నాయి. అజాగ్రత్తను పట్టడం కన్నా శ్రద్ధగా చదివేవాళ్లను తికమక పెట్టడమే వాటి వల్ల ఎక్కువ జరిగేది. కొత్త రూపం: "గత 30 రోజుల్లో, అనుకున్న మీటింగును మీ మెంటర్ ఎన్నిసార్లు రద్దు చేశారు లేదా వాయిదా వేశారు?" ఎంపికలు: ఒక్కసారీ లేదు, 1, 2, 3 లేదా అంతకన్నా ఎక్కువ. ఇందులో "లేదా" ఉంది. రద్దు, వాయిదా రెండింటికీ కార్యక్రమం నడిపే కోఆర్డినేటర్ చేసే పని ఒకటే కాబట్టి ఇక్కడ తెలిసే ఉంచాం.

ఎన్నిసార్లు కలిశారన్న ప్రశ్నను ఆరుసార్లు తిరగరాయాల్సి వచ్చింది. పాతది: "మీరు తరచుగా కలుస్తుంటారా?" దీనిలో ప్రతి మాటా జారుతుంది. "మీరు" అంటే నేనూ మా మెంటరా, మా బ్యాచ్ అంతానా? "తరచుగా" ఒకరికి వారానికోసారి, ఇంకొకరికి రెండు నెలలకోసారి. "కలవడం"లో ఫోను లెక్కా? "గత నెలలో" అని రాస్తే 5వ తేదీన నింపేవాడు క్యాలెండర్‌లో పోయిన నెల లెక్కేస్తాడు, 28న నింపేవాడు ఈ నెలే లెక్కేస్తాడు. ఇప్పటి పాఠం: "ఈరోజు నుంచి వెనక్కి 30 రోజుల్లో, మీరూ మీ మెంటరూ ఇద్దరే 15 నిమిషాలు లేదా అంతకన్నా ఎక్కువసేపు ఎన్నిసార్లు మాట్లాడుకున్నారు? ఎదురుగా, ఫోనులో, వీడియోలో మాట్లాడినవన్నీ కలిపి చెప్పండి. మెసేజీలు కలపవద్దు." పొడుగ్గా ఉంది, ఉండనీ. అర్థం ఒక్కటే వచ్చేలా ఉంటే చాలు. 30 రోజులకు మించి అడగకపోవడానికి కారణం ఉంది. గడువుకు అవతల జరిగినవాటిని ఇవతలకు లాక్కుని లెక్కేయడం జ్ఞాపకానికి అలవాటు. నీటర్, వాక్స్‌బర్గ్ 1964లోనే ఇంటి ఖర్చుల సర్వేల్లో దీన్ని కొలిచారు. గడువు ఎంత దూరం జరిగితే, "గుర్తున్నంత వరకు" అన్న మాటకు అంత విలువ తగ్గుతుంది.

తరువాత స్కేలు. "పూర్తిగా ఏకీభవిస్తాను" నుంచి "అస్సలు ఏకీభవించను" దాకా సాగే ఐదు మెట్ల పద్ధతికి మూలం 1932లో రెన్సిస్ లైకర్ట్ చేసిన పని. వాడటం తేలిక. చిక్కేమిటంటే మర్యాదస్తులు దేనికైనా ఏకీభవిస్తారు. అందుకే వాక్యానికి తల ఊపించడం మానేసి, అడిగే విషయాన్నే ఎంపికల్లోకి దించాం.

పాతది: "నేను నా మెంటర్‌తో స్వేచ్ఛగా మాట్లాడగలను." (పూర్తిగా ఏకీభవిస్తాను … తటస్థం … అస్సలు ఏకీభవించను)
కొత్తది: "మీకు ఇబ్బందిగా ఉన్న విషయాన్ని మెంటర్ దగ్గర ఎత్తడం ఎంత కష్టం లేదా సులువు?" (చాలా కష్టం / కొంచెం కష్టం / కొంచెం సులువు / చాలా సులువు / అలాంటి సందర్భం రాలేదు)

"తటస్థం" కింద నాలుగు రకాల జనం తలదాచుకుంటారు: రెండింటికీ మధ్యన ఉన్నవాళ్లు, తెలియనివాళ్లు, చెప్పడం ఇష్టంలేనివాళ్లు, ప్రశ్న తమకు వర్తించనివాళ్లు. దాన్ని తీసేసి, వర్తించనివాళ్లకు విడిగా ఒక ఎంపిక ఇచ్చాం. సగటు లెక్కేసేటప్పుడు ఆ జవాబును 0గా కలపకూడదు, ఖాళీగా వదలాలి. షీటులో ఈ ఒక్క పొరపాటు చాలు, మంచి జంటలు చెడ్డగా కనబడటానికి.

ఈ స్కేళ్ల ఎంపికలకు అంకెలు వేయలేదు, అన్నీ మాటలే. ష్వార్జ్ బృందం 1991లో ప్రచురించిన ప్రయోగంలో జీవితంలో ఎంత విజయం సాధించారన్న ఒకే ప్రశ్నను రెండు స్కేళ్ల మీద అడిగారు. రెంటికీ మెట్లు పదకొండే. 0 నుంచి 10 ఉన్నదాంట్లో 34 శాతం మంది 0–5 మధ్య పెట్టుకున్నారు. −5 నుంచి +5 ఉన్నదాంట్లో ఆ కింది భాగాన్నే ఎంచుకున్నది 13 శాతం. ప్రశ్న మారలేదు, మారింది అంకెలే. అంకె కూడా ఒక మాటే, దానికీ అర్థం ఉంటుంది.

3వ వారం: పక్కన కూర్చుని చదివించడం

ఐదుగురు మెంటీలు, ముగ్గురు మెంటర్లు, ఒక్కొక్కరికి 45 నిమిషాలు. మనిషి ప్రశ్నకు జవాబిచ్చే తీరును టూరాంజో 1984లో నాలుగు అంచెలుగా చెప్పాడు: అర్థం చేసుకోవడం, గుర్తు తెచ్చుకోవడం, తూకం వేసుకోవడం, జవాబు ఎంచుకోవడం. ఏ అంచెలో జారుతున్నారో కనిపెట్టడమే ఈ ఇంటర్వ్యూల పని. అడిగిన మాటలు ఇవి:

"ఈ ప్రశ్నను మీ మాటల్లో చెప్పండి."
"‘లక్ష్యం’ అని చదవగానే ఏం తట్టింది?"
"2 అన్నారు కదా, ఆ రెండూ ఏవి?"
"ఈ రెండు ఎంపికల మధ్య ఎందుకు ఆగారు?"

"అర్థమైందా?" అని మాత్రం అడగకూడదు. అర్థమైందనే అంటారు.

పట్టుబడినవాటిలో పెద్దది "లక్ష్యం". మొదటి మీటింగులో మెంటర్‌తో కలిసి రాసుకున్న మూడు నెలల లక్ష్యం అన్నది రాసినవాళ్ల ఉద్దేశం. చదివినవాళ్లకు తట్టింది జీవితాశయం. "మీ లక్ష్యం వైపు ఎంత దూరం వచ్చారు?" అన్నదానికి "ఇంకా చాలా ఉంది" అని నిజాయితీగా జవాబు వచ్చింది. పని పూర్తిచేసిన మనిషికి కింది మార్కు పడింది. ఇప్పుడది "మొదటి మీటింగులో రాసుకున్న పనుల్లో ఎన్ని పూర్తయ్యాయి?" అయింది.

"మద్దతు" కూడా పోయింది. ఆ మాట వినగానే ఎన్నికలు గుర్తొస్తాయి, మెంటర్ గుర్తురాడు. దానికి బదులు కళ్లకు కనిపించే పనులు అడిగాం: రెజ్యూమె చదివి దిద్దారా, తెలిసిన ఇంకొకరికి పరిచయం చేశారా, ఇంటర్వ్యూకు కూర్చోబెట్టి సాధన చేయించారా. ఒక్కోదానికీ అవును / లేదు / నాకు అవసరం పడలేదు.

అందరూ ఆగిన చోటు మరొకటుంది, అది ప్రశ్న కాదు, పైన రాసిన హామీ. "మీ జవాబులు రహస్యం" అని ఉంది. కిందనే కోడ్ అడుగుతోంది. చదివినవాళ్లకు వచ్చిన అనుమానం న్యాయమైనది: "మా సార్ చూస్తారా?" కోడ్ అడిగినప్పుడు పేరు తెలియదని చెప్పడం తప్పు, ఎందుకంటే తెలుసుకునే వీలుంది. ఎవరు చూస్తారో, ఎవరు చూడరో ఉన్నదున్నట్టు రాశాం: "మీ జవాబును మూల్యాంకన బృందంలో ఇద్దరే చూస్తారు. మీ మెంటర్‌కు చూపించరు. ఐదుగురి కన్నా తక్కువ మంది ఉన్న గుంపు ఫలితాలను విడిగా ఇవ్వరు." ఈ మూడు వాక్యాలకు కట్టుబడి ఉండటం అన్నిటికన్నా ముఖ్యం. ఒక్కసారి మాట తప్పితే వచ్చే ఏడాది నుంచి అందరూ 5లే పెడతారు.

పునరుక్తులు ఆరు తీసేశాక 23.

4వ వారం: ముందు, తర్వాత

మార్పు కొలవాలంటే ముందొకసారి, తర్వాతొకసారి అడిగి తేడా తీస్తే సరిపోతుందనిపిస్తుంది. నైపుణ్యాల విషయంలో అది ఎదురు తిరుగుతుంది. మొదటి రోజు "ఇంటర్వ్యూలో మాట్లాడగలరా?" అంటే బాగానే మాట్లాడతానని పెడతారు. ఆరు నెలల్లో అసలు ఇంటర్వ్యూ ఎలా ఉంటుందో తెలిశాక వాళ్ల కొలబద్దే మారిపోతుంది, నిజంగా మెరుగైన మనిషి కూడా తక్కువ పెట్టుకుంటాడు. జార్జ్ హోవర్డ్, తోటివారు 1979 ప్రాంతంలో దీనికి చూపిన మార్గం, చివర్లో ఒకే పేజీ మీద "ఇప్పుడు", "కార్యక్రమానికి ముందు" రెండూ అడగడం. నాలుగు నైపుణ్య ప్రశ్నలకు అదే పెట్టాం.

దీనికీ ఒక బలహీనత ఉంది: రెండు గడులు పక్కపక్కన కనబడితే ఎదిగినట్టు చూపించాలనిపిస్తుంది. అందుకే దీన్ని ఒంటరిగా నమ్మడం లేదు. పక్కనే, మొదటి రోజున కూడా అడగగలిగే లెక్కలు పెట్టాం: ఎన్ని దరఖాస్తులు పంపారు, మీ రంగంలో ఫోను చేసి సలహా అడగగలిగేవాళ్లు ఎంతమంది ఉన్నారు. వీటికి కొలబద్ద మారదు.

5వ వారం: పైలట్ (కొద్దిమందితో ముందస్తు పరీక్ష)

ఫారం ఫోనులో తెరిచిచూడగానే ఒక లోపం కనబడింది. ఐదు ప్రశ్నల్ని ఒకే పట్టికలో పెడితే చిన్న స్క్రీను మీద కుడివైపు గడులు పక్కకు జరిపితే గానీ కనబడవు. కనబడని ఎంపికను ఎవరూ ఎంచుకోరు. పట్టికలు తీసేసి ఒక్కో ప్రశ్న విడిగా, ఎంపికలు నిలువుగా పెట్టాం. అన్ని ప్రశ్నలకూ "తప్పనిసరి" పెట్టి ఉండటం ఇంకో లోపం. దాటవేసే దారి లేకపోతే ఏదో ఒకటి నొక్కుతారు, ఆ నొక్కుడును తర్వాత నిజం జవాబు నుంచి వేరు చేయలేం. కోడ్ ఒక్కటే తప్పనిసరిగా మిగిలింది.

వరుస: జరిగిన సంగతులు ముందు, తర్వాత "మొత్తం మీద ఈ జంట మీకు ఎంత ఉపయోగపడింది?", ఆ తర్వాతే అనుబంధం గురించిన వివరాలు. వివరాలు ముందు అడిగితే మొత్తం జవాబు మీద వాటి నీడ పడుతుంది.

అనుబంధం గురించిన ఐదు ప్రశ్నలు కలిపి ఒక స్కోరు చేయాలి. క్రాన్‌బాక్ 1951లో ఇచ్చిన ఆల్ఫా (ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత పొసగుతున్నాయో చెప్పే అంకె) 0.70 దాటితే సరే అనుకోవడం వాడుక. ఆ అంకెను కళ్లు మూసుకుని నమ్మకూడదు, కారణం దాని లెక్కలోనే ఉంది. ప్రశ్నల మధ్య సగటు సహసంబంధం (జవాబులు కలిసి పెరిగి తగ్గే మేర) 0.4 అయితే ఐదు ప్రశ్నలకు (5 × 0.4) ÷ (1 + 4 × 0.4) = 0.77. మూడే ఉంటే 0.67. పది ప్రశ్నలుంటే సహసంబంధం 0.2 ఉన్నా చాలు, 0.71 వచ్చేస్తుంది. అంటే ఒకదానికొకటి అంతగా పొసగని ప్రశ్నలు కూడా పోగేసుకుంటూ పోతే 0.70 దాటించవచ్చు. కనుక ఆల్ఫాతో పాటు ఒక్కో ప్రశ్నకూ మిగతావాటి మొత్తానికీ ఉన్న సహసంబంధం చూడాలి, జవాబులు ఎలా పరుచుకున్నాయో చూడాలి. జవాబులు పై ఎంపికలోనే కుప్పపడ్డ ప్రశ్నలు మూడు, ఎక్కువమంది దాటవేసినది ఒకటి తీసేశాం. 19 మిగిలాయి, వాటికి రెండు రాత ప్రశ్నలు చేరాయి.

రాత ప్రశ్నల్లో "మీ అభిప్రాయం రాయండి" లేదు. దానికి వచ్చేది కృతజ్ఞతే. "చివరిసారి మాట్లాడినప్పుడు ఎక్కువసేపు దేని గురించి మాట్లాడుకున్నారు?", "మెంటర్ చేస్తే మీకు పనికొచ్చేది, ఇప్పటిదాకా చేయనిది ఒకటి చెప్పండి." రెండోదానికి ఫిర్యాదులా కాకుండా కోరికలా జవాబు రాయవచ్చు కాబట్టి రాస్తారు.

6వ వారం: ఎప్పుడు, ఎవరిని

ఆఖరి రోజున అడిగితే జవాబిచ్చేది ఆఖరి దాకా ఉన్నవాళ్లే. మధ్యలో తెగిన జంటలు లెక్కలోంచి మాయమవుతాయి, కార్యక్రమం ఉన్నదానికన్నా అందంగా కనబడుతుంది. అందుకే మూడు విడతలు: నెల నిండగానే 6 ప్రశ్నలు, మూడో నెలలో అవే 6, చివర్లో పూర్తి ఫారం. జంట తెగిన వారంలోపు నాలుగు ప్రశ్నల ఫారం విడిగా వెళుతుంది: ఆఖరిసారి ఎప్పుడు మాట్లాడారు, ఆగడానికి ముఖ్య కారణం ఏది, ముందుగా ఏం జరిగి ఉంటే నిలిచేది, ఇంకో మెంటర్ కావాలా. నివేదికలో ప్రతి శాతానికీ హారం (కింది అంకె), మొదట్లో జతపడిన మొత్తం జంటల సంఖ్య. జవాబిచ్చినవాళ్ల సంఖ్య దాని పక్కనే వేస్తాం.

చిన్న గుంపుల గురించి ఒక హెచ్చరిక షీటు పైనే రాశాం. 40 మంది నమూనాలో 50 శాతం వస్తే, 95 శాతం నమ్మకంతో దాని హద్దు అటూ ఇటూ సుమారు 15 పాయింట్లు. 100 మంది ఉంటే సుమారు 10. పోయిన బ్యాచ్‌లో 40కి 28, ఈ బ్యాచ్‌లో 40కి 31 వస్తే ఆ మూడు టిక్కుల తేడా చూసి మెరుగుపడిందని రాయకూడదు.

మిగిలి ఉన్నవి

మెంటర్ల ఫారం ఇంకా పాత స్కేలు మీదే ఉంది. కలిసిన లెక్కను మెంటర్నీ అదే మాటల్లో అడగాలి. ఇద్దరి లెక్కల మధ్య తేడా ఎక్కువగా ఉన్న జంటకు కోఆర్డినేటర్ ముందుగా ఫోను చేయాలి.

14వ ప్రశ్న ఇంకా లొంగలేదు. "మీ మెంటర్ మీ మాట ఎంత శ్రద్ధగా వింటారు?" పైలట్‌లో దీనికీ దాదాపు అందరూ పై ఎంపికే పెట్టారు. మెంటరింగ్‌కు ప్రాణం లాంటి సంగతి కాబట్టి మిగతా మూడింటిలా తీసేయడానికి మనసొప్పలేదు. రెండు ప్రత్యామ్నాయాలు రాసి ఉంచాం. ఒకటి: "పోయినసారి మీరు చెప్పిన విషయాన్ని తర్వాతి మీటింగులో మెంటర్ తనంతట తాను ఎత్తారా?" రెండోది: "చివరి మీటింగులో ఎక్కువసేపు మాట్లాడింది ఎవరు?" వచ్చే విడతలో కోడ్ చివరి అంకె సరిసంఖ్య అయినవాళ్లకు మొదటిది, బేసి అయినవాళ్లకు రెండోది వెళుతుంది. ఏ ప్రశ్నకు జవాబులు ఎక్కువగా విడిపడితే అది ఉంటుంది.